బొంత కప్పిన కుండ

నేను మొట్టమొదట కాచిన జొన్న బీరును పక్కింటి పంది కూడా ముట్టలేదు. తప్పు నాదేనంది అత్త. నేనూ నాదే అనుకున్నాను.

నా భర్త సిబోనిసో పోయి ఏడాది దాటింది. మా ఆచారం ప్రకారం అతని ఆత్మను ఇంటికి పిలుచుకునే రోజు దగ్గరపడింది. ఆ రోజు కోడలు తన చేత్తో కాచిన బీరు పోయినవాళ్లకూ ఉన్నవాళ్లకూ పోయాలి. మా అత్తింటివాళ్లు సిబియాలు; ఆ కుటుంబానికి పెద్ద దిక్కయిన పెదమామ ముందే తేల్చేశాడు.

"బీరు కుదిరిందా, నువ్వీ ఇంటి మనిషివి, ఇల్లు నీది. కుదరలేదా, పోయినవాళ్లు నిన్ను వద్దన్నట్టే. ఇల్లు వుసుముజీది."

వుసుముజీ నా మరిది. నేనూ సిబోనిసో కట్టుకున్న ఆ ఇంటికి ఒక్క ఇటుక మోసిన పాపాన పోలేదు.

నేనేమో పెళ్లికి ముందు నుంచీ దుకాణంలో పనిచేసినదాన్ని, బీరు కుండ జోలికి పోయి ఎరగను. కొడుకు పోయాక కొండల నుంచి దిగొచ్చి నా దగ్గరే ఉంటున్న అత్తను అడిగాను.

"ఇందులో ఏముందే, మాన్గుబానే!" అంది, నన్ను పుట్టింటి పేరుతో పిలుస్తూ. "మొక్కజొన్న పిండి, జొన్న మొలకల పిండి కలిపి పులియబెట్టు. గంజిలా కాచు. చల్లారాక ఇంకాస్త మొలకల పిండి వెయ్యి. పైన బొంత కప్పు. రెండు కప్పినా తప్పులేదు. మా బెర్గ్‌విల్‌లో అందరం అంతే."

బెర్గ్‌విల్‌లో పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. ఇక్కడ మ్టుబాటుబాలో నీడలో నిలబడ్డా వీపు తడిసిపోతుంది. బొంతల కింద కుండ రాత్రికి రాత్రే పొంగిపోయి, తెల్లారేసరికి పుల్లకంపు కొట్టింది.

బొంతలు తీసి అవతల పారేశాను. ఇంటి వెనక నీడలో ఇసుక తవ్వి మరో కుండ పాతాను. చుట్టూ తడి గోనె చుట్టి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లాను. ఎవరూ నేర్పలేదు. తాగే నీళ్ల కుండకు చేసేదే దీనికీ చేశాను. నురగ మెల్లగా లేచింది. వడకట్టి నాలుక మీద వేసుకుంటే కళ్లు చెమర్చాయి. సిబోనిసో ఉంటే గిన్నె కింద పెట్టేవాడు కాడు.

ఆ రోజు తలకు గుడ్డ కట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ముందు నేనొక గుక్క తాగి గిన్నె అందించాను. పెదమామ తాగాడు. మూతి తుడుచుకుని మళ్లీ తాగాడు.

"బీరంటే ఇదిరా! ఎవరి చెయ్యి ఇది?"

"ఇంకెవరిది బావగారూ, నాదే," అంది అత్త. "దీనికేం వచ్చు? కాచిందంతా తగలేస్తే మళ్లీ నేనే పెట్టాను. మా కొండల పద్ధతిలో, బొంత కప్పి."

వంకర్లు తిరిగిన ఆ వేళ్లు గరిటె పట్టి ఎన్నేళ్లయిందో అక్కడ అందరికీ తెలుసు. నేను కట్టెలు కొట్టడం, నీళ్లు మొయ్యడం చూసిన ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. నేను నోరు తెరవబోతే పెదమామ భార్య, పెద్దత్త, భుజం గిల్లింది. పెద్దల ముందు కోడలు ఎదురు చెప్పకూడదట. అత్త అబద్ధం మాత్రం చెప్పొచ్చు.

పెదమామ గిన్నె ఖాళీ చేసి, "అయితే ఇల్లు వుసుముజీదే," అన్నాడు. నా బీరు తాగిన నోటితోనే నన్ను గెంటేశాడు.

అన్న ఇంటికి వచ్చేశాను. ఇసుకలో కుండ పాతుకుని బీరు అమ్ముకుంటున్నాను. రోజులు గడుస్తున్నాయి. కడుపులో మంట చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మొన్న వుసుముజీ వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"వదినా, నా పెళ్లి దగ్గరకొచ్చింది. అమ్మ పక్కింటి ఆడపిల్లల చేత బీరు పెట్టిస్తోంది. ఎన్నిసార్లు పెట్టినా పులిసి కంపే. పోయిన అన్నయ్యకు కోపమొచ్చిందంటున్నాడు పెదనాన్న. నువ్వొక్కసారి వచ్చి..."

"ముందు కూర్చో," అని గిన్నె నిండా పోసిచ్చాను. దించకుండా తాగాడు.

"ఇదే! ఆ రోజు రుచి ఇదే! ఎలా చేశావు వదినా?"

"మీ అమ్మనడుగు. ఆవిడ చేతి బీరే కదా. బొంత ఇంకాస్త గట్టిగా కప్పమన్నానని చెప్పు."

అలాగే చెబుతానని తలూపి, మేం కట్టుకున్న ఇంటికి వెళ్లిపోయాడు.