చేపతో ఆడుకోకూడదు

చల్లటి నీళ్లు. మోచేతుల దాకా చల్లటి నీళ్లు.

ఒలింకా అరచేతుల మధ్య చేప ఊపిరి పీలుస్తుంది. తోక బలం వేళ్లకు తెలుస్తుంది. ఒక్క విదిలింపు — పోతుంది. పోయేవి అలా పోతాయి.

పోనివీ ఉంటాయి.

వాటి మాట అతిథులకు చెప్పరు.

అలాస్కాలో ఆ ఏటి ఒడ్డున ఉన్న లాడ్జికి రోడ్డు లేదు. నీటి మీద దిగే విమానంలో రావాలి. వేసవిలో ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, రాజ సాల్మన్ అనే పెద్ద చేపను గాలానికి పట్టి, ఫొటో దిగి, మళ్లీ ఏట్లో వదిలేస్తారు. చట్టం ఒక చేపను ఉంచుకోవచ్చంటుంది. లాడ్జి యజమాని కర్టిస్ ఒక్కటీ వద్దంటాడు. ప్రతి చేపనూ బతకనిచ్చే లాడ్జి అని గుమ్మం మీద బోర్డు రాయించుకున్నాడు.

ఒలింకా అక్కడి ఆదివాసీ పిల్ల, యూపిక్ జాతి. ఏటి దిగువన, అమ్మమ్మ వేసవిలో చేపలు పట్టే శిబిరం ఉంది. అక్కడ చేపను కోస్తారు, ఆరబెడతారు, పొగబెడతారు.

ఆడుకోరు.

"తినేదానితో ఆడితే దానికి పౌరుషం వస్తుందే," అంటుంది అమ్మమ్మ. "పోయి మిగతావాటికి చెబుతుంది. వచ్చే ఏడు నీ మొహం చూడ్డానికి ఎవరొస్తారు?"

ఈ ఏడు సముద్రం నుంచి ఏరెక్కి వచ్చే చేపలు పలచగా వచ్చాయి. అమ్మమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే ఒలింకాకు గుచ్చుకుంది.

కానీ ఉద్యోగం... తమ ఊరి ఆడవాళ్లలో గైడు పని దొరికింది ఆమె ఒక్కదానికే. చలికాలమంతా ఇంట్లో పొయ్యి మండేది ఆ జీతంతోనే. కూటికుండను ఎవరు కాలదన్నుకుంటారు?

అందుకే ఆ అబద్ధం నేర్చుకుంది. గైడులందరూ నేర్చుకునే అబద్ధం.

నెత్తురు కారిన చేప నీళ్లలో వెల్లకిలా తిరుగుతుంది. అప్పుడు దాన్ని మెల్లగా ప్రవాహంలోకి తోసి, అతిథికి కనబడకుండా వీపు అడ్డం పెట్టి, నవ్వాలి. ఈదుకుంటూ పోయింది సార్, అనాలి.

పోదు. వంపు తిరిగాక రాళ్ల మీద చేరుతుంది. గద్దలకు తెలుసు.

ఆ రోజు పడవలో హార్లన్ అనే పెద్దాయన ఉన్నాడు. మంచివాడు. అదే చిక్కు. తన రొట్టెలో సగం విరిచి ఆమెకు పెట్టాడు. భార్య పోయాక ఇదే మొదటి ప్రయాణమన్నాడు. రాజ సాల్మన్ తగిలినప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. చాలాసేపు పోరాడాడు.

చేపా పోరాడింది.

ఒలింకా దాన్ని వలలోకి తీసుకుంది.

"పైకెత్తమ్మాయ్, ఒక్క ఫొటో."

ఎత్తింది.

"టోపీ నీడ పడింది. ఇంకోటి తీసుకుందాం."

ఎత్తింది.

"కళ్లు మూశాను చూడు, నా మొహం తగలెయ్య. ఇదే ఆఖరు."

ఎత్తింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇక్కడ పిల్లి ఎవరు — ఆయనా, తనా?

మొప్పల్లోంచి నెత్తురు వచ్చింది. ఆమె మణికట్టు మీదుగా కారింది. అది కూడా ఏటంత చల్లగా ఉంది.

"ఇక వదిలెయ్," అన్నాడు హార్లన్ తృప్తిగా.

నీళ్లలో పట్టుకుంది. చేప ఒరిగింది. నిలబెట్టింది. మళ్లీ ఒరిగింది... వెల్లకిలా తిరిగింది.

వీపు అడ్డం పెట్టాలి. నవ్వాలి.

వీపు కదల్లేదు. నవ్వు రాలేదు.

ఆమెకు కడుపు మండింది. ఆయన మీద కాదు, కర్టిస్ మీద కూడా కాదు. తన నాలుక చివర సిద్ధంగా ఉన్న ఆ మాట మీద.

చేపను పడవలోకి తీసుకుంది. దుడ్డుకర్ర అందుకుంది. ఒక్క దెబ్బ.

"చంపేశావేంటి?" హార్లన్ మొహం పాలిపోయింది.

"చంపింది మనిద్దరం సార్. నేను తొందరగా చంపాను, అంతే."

"వదిలితే బతికేదేమో..."

"బతకదు. నిన్న మీరు వదిలిందీ బతకలేదు. ఈదుకుంటూ పోయిందని మీకు అబద్ధం చెప్పాను."

ఆయన గాలం కర్రను పక్కన పెట్టేశాడు.

లాడ్జి ఎగువన ఉంది. ఒలింకా పడవను దిగువకు తిప్పింది.

ఒడ్డున అమ్మమ్మ చేపను చూసింది, మనవరాల్ని చూసింది, కొత్త మనిషిని చూసింది.

"ఎవరు పట్టారు?"

"ఈయన."

"మరి గుంజలా నిలబడ్డాడేం? పట్టినవాడు తినొద్దూ? కూర్చోమను. ఆ బురద బూట్లతో నా బల్ల దగ్గరికి మాత్రం రావద్దను."

అర్ధచంద్రం కత్తి చకచకా కదిలింది. తల ఒకవైపు, గుడ్లు గిన్నెలోకి, కండ పలకలుగా. ఏదీ పారేయలేదు. హార్లన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడు పడవలో వైర్‌లెస్ రేడియో పలికింది; ఒలింకా వెళ్లి అందుకుంది. కర్టిస్.

"ఒలింకా, ఎక్కడున్నావ్?"

ఆ రేడియోలో మాట ఏటి మీదున్న గైడులందరికీ వినబడుతుంది. వాళ్ల పడవల్లోని అతిథులకూ వినబడుతుంది. తర్వాత మాట్లాడతానని తప్పించుకోవచ్చు.

తప్పించుకోలేదు.

"అమ్మమ్మ దగ్గరున్నాను. చేప చచ్చింది. వండుకుంటున్నాం."

గరగర... గరగర...

"మన లాడ్జిలో చేపలు చావవు, ఒలింకా."

"రోజూ చస్తున్నాయి, కర్టిస్. ఈదుకుంటూ పోయాయని చెప్పడం ఇవాళ్టితో మానేశాను."

"అయితే సాయంత్రానికి సామాను సర్దుకో."

"సర్దుకుంటాను. తిన్నాకే వస్తాను."

ఆమెకు భయం వేసింది, నిజంగానే వేసింది. చలికాలం కళ్లముందు నిలబడింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

రేడియో గరగరమంటూనే ఉంది. అందరూ వింటున్నారని మాత్రం తెలుస్తోంది.

తర్వాత ఒక గొంతు వచ్చింది. వసీలీ. ఆమె మేనమామ కొడుకు, లాడ్జిలో అందరికంటే పాత గైడు. ఆ అబద్ధం ఆమెకు నేర్పింది అతనే. యూపిక్ బావలు కూడా మరదళ్లను ఏడిపించకుండా ఒక్క పూట ఉండలేరు.

"మరదలా, నీ చేతి వంట తినడం కంటే ఈ కొలువు పోవడమే నయం."

ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"నా దగ్గరా ఒకటి వెల్లకిలా తిరిగింది," అన్నాడు. "నానమ్మతో చెప్పు, కత్తి అప్పుడే కడగొద్దని."

కర్టిస్ ఏదో అరుస్తున్నాడు. ఒలింకా రేడియో గొంతు తగ్గించింది.

అమ్మమ్మ కత్తిని బల్ల మీద అలాగే ఉంచింది. ఎగువ వంపు వెనక నుంచి మోటారు చప్పుడు వస్తోంది... ఒక పడవదా, అంతకంటే ఎక్కువా — ఇంకా తెలియడం లేదు.