ఎడమన చేద్దాం, కుడిన చేస్తాను

సువర్ణ ఈమధ్య అన్నం ముందు కూర్చుని కూడా నోట్లో ఏదో గొణుక్కుంటోందట, ఆ పిల్లకు కొరియా గాలి సోకిందట. ఇది వాళ్ళ పక్కింటి గంగులమ్మ మాట. ఫ్యాక్టరీలో ఊడ్చే అంజినమ్మ దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చి, చీపురు ఆపి మరీ గేటు కాపలా మద్దిలేటికి చెప్పింది. గోడకు వేలాడుతూ నేనూ విన్నాను. గాలీ లేదు, ధూళీ లేదు. ఆ పిల్ల గొణుక్కునేది ఏమిటో నాకు తెలుసు.

నేను ఒక తెల్లబోర్డును. రేకు మీద తెల్ల పూత, చుట్టూ అల్యూమినియం చట్రం. హైదరాబాదు శివారులో ఒక షెడ్డులో పుట్టాను. మొదట హిందూపురంలో ఒక ట్యూషన్ సెంటర్ వాళ్ళు కొన్నారు. రెండేళ్ళు లెక్కలు మోశాను. ఆ సెంటర్ మూతపడ్డాక, కార్లకు విడిభాగాలు చేసే ఈ కొరియా వాళ్ళ ఫ్యాక్టరీకి చేరాను. ట్రైనింగ్ గదిలో తగిలించారు. మనుషులు నా మీద రాస్తారు, చెరిపేస్తారు, దాంతో నేను మరిచిపోయాననుకుంటారు. పాత సిరా అంత తేలిగ్గా పోదు. పక్కనుంచి వెలుతురు పడితే కనిపిస్తుంది.

ఆ గదికి పంతులమ్మ సువర్ణ. వాళ్ళ నాయన మూడెకరాల వేరుశెనగ చేను ఈ ఫ్యాక్టరీ కిందే పోయింది. బదులుగా ఇంటికొక ఉద్యోగం అన్నారు. ఆ పిల్ల ఏడాదిపాటు చెన్నైలో కొరియా భాష నేర్చుకొచ్చి దుబాసీ అయింది. దొరల మాట కూలీలకు, కూలీల మాట దొరలకు చెప్పడం పని. తన చేను ఉన్నచోటే నిలబడి పరాయి మాట నేర్పించడం ఆమెకు వింతగా ఉండేదో లేదో, పైకి మాత్రం అనలేదు.

వారానికి రెండు సాయంత్రాలు క్లాసు. నడిమధ్య గీత గీసి ఎడమవైపు పదిమందిని కలుపుకొని అనే మాటలు, కుడివైపు తన ఉద్దేశం చెప్పే మాటలు రాసేది. ఎడమన హప్సిదా, అంటే చేద్దాం. కుడిన హల్‌గ్గేయో, అంటే చేస్తాను.

"పెద్దోళ్ళతో హప్సిదా అనగూడదు. చేద్దామా అని అడగల్ల, అంతే," అనేది.

"మా అత్తతో ఏమనల్ల మేడమ్?" అని ప్యాకింగ్ ఆడవాళ్ళలో ఒకామె అడిగింది.

"అత్తతో నువ్వు యా బాసలో అన్నా తప్పేలే," అన్నాడు రెండో బెంచీ కదిరప్ప. గదంతా నవ్వింది.

కదిరప్ప రేకులను అచ్చుకొట్టే ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. భాష వచ్చినవాళ్ళను లైన్ లీడర్ చేస్తారని విని, నా మీద ఉన్నదంతా తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాడు. క్లాసులో అతణ్ణి మించినవాడు లేడు.

ప్రెస్‌కు రెండు బటన్లుంటాయి, ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే పై అచ్చు కిందికి దిగుతుంది. చేతులు రెండూ బయటే ఉండాలని ఆ ఏర్పాటు. కానీ పని నిదానమవుతుంది. ఒకరోజు సూపర్‌వైజరు చోయ్ సారు గుప్పెడు చెక్కముక్కలు తెచ్చి, ప్రెస్ వాళ్ళందరినీ నా ముందు నిలబెట్టాడు. ఎడమ బటన్‌లో చెక్కముక్క ఇరికిస్తే అది నొక్కే ఉంటుంది, ఆ చేత్తో రేకు అందించవచ్చునని సైగలతో చూపించాడు. చివర హప్సిదా అన్నాడు. సువర్ణ ఆ చెక్కముక్కను ఒకసారి చూసి, "ఇట్లా చేద్దాం అంటాండాడు సారు," అని తెలుగులో చెప్పింది. చేద్దాం అన్న మనిషి ఏనాడూ ఆ మిషన్ దగ్గర నిలబడలేదు.

మూడు వారాలకు చెక్కముక్క అలాగే ఉండగా, జారిన రేకును కుడిచేత్తో సర్దబోయాడు కదిరప్ప. రేకందించే ఎడమచెయ్యి కుడి బటన్‌కు తగిలింది. కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి.

విచారణకు కొరియా నుంచి పెద్ద సారు వచ్చాడు. మళ్ళీ నా ముందే కుర్చీలు వేశారు. మిగతా ప్రెస్ వాళ్ళను పిలవలేదు. చోయ్ సారు నేలచూపులు చూస్తున్నాడు. చెక్కముక్క ఎవరు పెట్టారన్నది ఒక్కటే ప్రశ్న. ఎవరో చెప్తే పెట్టాడంటే కదిరప్పకు వేరే పని ఇచ్చి ఉంచుతారు. తనంతట తాను పెట్టాడంటే ఇంటికే.

కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కదిరప్ప చెప్పాడు. "చోయ్ సారే ఇచ్చినాడు. ఇట్లా చేద్దాం అన్యాడు. ఈ మేడమే మాకు తెలుగులో చెప్పింది."

సువర్ణ నావైపు తిరిగింది. నా మీద రాత ఏమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్తే చోయ్ సారుతోపాటు తనూ పోతుంది. మూడెకరాలకు మిగిలింది ఆ ఉద్యోగమొక్కటే. పెద్ద సారు వైపు తిరిగి, పని తొందరగా చేయాలని అతనే పెట్టుకున్నాడట అని కొరియాలో చెప్పింది. ఎడమవైపు చేద్దాం పోయి కుడివైపు చేస్తాను అయింది, తను నేర్పిన మాటే, ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు.

కదిరప్ప తలెత్తి ఆమెను చూశాడు. రాసుకున్న కాగితం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నారు.

తరువాత క్లాసులు ఆగిపోయాయి. నన్ను గేటు గదికి మార్చారు. ఇప్పుడు వచ్చేపోయే లారీల నంబర్లు మోస్తున్నాను. లారీ నంబర్లలో అబద్ధాలుండవు. అదొక్కటే సుఖం.

నిన్న కదిరప్ప తన గుర్తింపు కార్డు అప్పగించడానికి వచ్చాడు. మద్దిలేటి రిజిస్టరు తెరిచి, సంతకం ఏ చేత్తో పెట్టమనాలో తెలియక పెన్ను తనే పట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో సువర్ణ క్యాంటీన్ నుంచి పరుగున వచ్చింది. చేతికి అన్నం ఇంకా అంటుకునే ఉంది. నోట్లో గొణుక్కుంటోంది, ఆరోజు పెద్ద సారుకు చెప్పని హప్సిదానే.

"కదిరప్పన్నా, ఉండు. వచ్చే నెల పెద్ద సారు మళ్ళా వస్తాండాడు. ఇద్దరం పోయి మాట్లాడదాం. ఈసారి అంతా నేనే చెప్తా."

కదిరప్ప ఎడమ చేత్తో మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"మాట్లాడేది అయిపాయ గదమ్మా. నువ్వు చెప్పినావు, నేను ఇన్యా."