రాయని ఏడో ఊరు

అక్క మందుల షాపులో పనిచేస్తుంది. పేరు చదవకుండా సీసా ముట్టుకోదు, తేదీ చూడకుండా మాత్ర ఇవ్వదు. అలాంటి మనిషిని, ఎక్కడికో చెప్పని విహారయాత్రకు బయల్దేరదీసింది చెల్లెలు. ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. ముప్పై ఏడేళ్లొచ్చినా ఆ పేరు పోలేదు. బ్యూటీపార్లర్‌లో ఒకరి జుట్టు కత్తిరిస్తూ ముగ్గురితో కబుర్లాడే మనిషికి అదే సరైన పేరు.

“మనమేమీ చూసుకోనక్కర్లేదక్కా. కంపెనీవాళ్లే ఊరు ఎంచి కవరు ఇస్తారు. బస్సెక్కాకే విప్పాలి.”

“ఏ పుట్టలో ఏ పాముందో! పేరులేని సీసా ఎత్తి తాగమన్నట్టుంది నీ వరస.”

“అన్నీ తెలిసిన ఊరికెళ్తే ఏముంది? మంచం మారుతుంది, అంతే. ఎక్కడికో తెలీకపోతే ఇంట్లోంచి బయల్దేరినప్పట్నుంచే గుండె కొట్టుకుంటుంది చూడు, ఆ మజాయే వేరు!”

గుండె కొట్టుకోవడం మాటకొస్తే, అక్కకు అది ఫారం చూసినప్పుడే మొదలైంది. ‘ఇదివరకు మీరు చూసిన ఊళ్లన్నీ రాయండి. అక్కడికి మిమ్మల్ని పంపము’ అని ఉంది అందులో. అక్క షాపు కౌంటరు మీద కాగితం పెట్టి ఆరు ఊళ్లు రాసింది. ఏడోదాని దగ్గర కలం ఆగింది. భుజం మీంచి పిచ్చుక తొంగిచూస్తోంది. ఆ పేరు రాస్తే, అక్కడికెప్పుడెళ్లావని అడుగుతుంది. అక్క కలానికి మూత పెట్టేసింది.

ఆ ఏడో ఊళ్లో వాళ్లమ్మ ఉంది.

పిచ్చుకకు నాలుగేళ్లప్పుడు అమ్మ ఇల్లు విడిచి వెళ్లిపోయింది. “అమ్మ చచ్చిపోయిందని చెప్పు చిన్నదానికి” అన్నాడు నాన్న. పన్నెండేళ్ల అక్క అలాగే చెప్పింది. అంతవరకు తప్పు నాన్న మీదికి తోసేయవచ్చు, ఆయన పోయి చాలా కాలమైంది కనక కాదనడు కూడా. కానీ ఇరవయ్యో ఏట అక్క ఒక్కతే అమ్మను వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్లింది. అమ్మ ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోంది. చిన్నదాన్ని ఒక్కసారి చూపించమని ఏడ్చింది. “నువ్వు రావద్దు. నేనే తీసుకొస్తా” అని మాటిచ్చి తిరిగొచ్చింది అక్క. తీసుకెళ్లలేదు. అమ్మను చూస్తే చెల్లెలు తనను వదిలి పోతుందని భయం. జడలు వేసి, జ్వరమొస్తే రాత్రిళ్లు మేలుకుని పెంచుకున్నది తను కదా! అలా పాతికేళ్లు గడిచాయి.

కంపెనీ ఇచ్చిన తేదీని కూడా అక్క నెల రోజులు వాయిదా వేయించింది. షాపులో స్టాకు తనిఖీ ఉందంది, అది మాత్రం నిజమే.

చివరికి ఓ ఉదయం బస్సు కదిలాక, పిచ్చుక కవరు చింపి ఊరి పేరు, లాడ్జి పేరు పైకి చదివింది. అక్క తేలుకుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. తప్పెవరిది? రాసిన ఊళ్లకు పంపం అన్నారు, పంపలేదు. ఈ కథలో అన్నమాట నిలబెట్టుకున్నది ఆ కంపెనీ ఒక్కటే. ఇక కాసేపట్లో చచ్చిపోయిన అమ్మ దుప్పట్ల చాటునుంచి బయటికొస్తుంది. ఆ తర్వాత చెల్లెలు తన మొహం చూస్తుందా?

“తలనొప్పిగా ఉందే. దిగిపోదామా?”

“తలనొప్పి మాత్రలమ్మే మనిషివి, ఓటి వేసుకో.”

మధ్యాహ్నం మూడింటికి దిగారు. బస్టాండు బయట పళ్లబండి ముసలామె పిచ్చుకను చూసి చేతిలోని పండు జారవిడిచింది. అది దొర్లుకుంటూ పోయినా వంగి తీసుకోలేదు. చుట్టూ ఉన్న మాటలు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. వీధి పొడుగునా అదే తీరు. గడ్డం గీస్తున్న మంగలి కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. ఇనుప సామాన్ల కొట్టతను బయటికొచ్చి నిలబడ్డాడు. ఎవరూ పలకరించరు, ఎవరూ చూపు తిప్పుకోరు. అక్కవైపు మాత్రం ఒక్కరూ చూడలేదు.

“ఏంటక్కా, సినిమా తార దిగొచ్చినట్టు నన్నే చూస్తున్నారు?” పిచ్చుక మురిసిపోతోంది.

టైలరు షాపులో చూపు మసకబారిన ముసలాయన మిషను ఆపి లేచాడు. “ఎన్నాళ్లకొచ్చావమ్మా! కోటు కుట్టి మూడు వారాలైంది.” కొక్కేనికున్న బూడిదరంగు కోటు తీసి పిచ్చుకకు తొడిగాడు. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. లోపల్నుంచి ఆయన కోడలు పరుగున వచ్చింది. “మామయ్యా, ఆవిడ కాదు...” అంటూ పిచ్చుక మొహం చూసి, మాట పూర్తిచేయలేక గోడకు ఆనుకుంది.

“డబ్బు కూడా ముందే ఇచ్చేశానటక్కా! చూశావా, అంతా ప్యాకేజీలోదే. ఆ కోడలైతే ఎంత బాగా నటించింది! నా కొలతలెలా తెలిశాయో వీళ్లకి!”

అక్కకు ఒళ్లు జలదరించింది. ఆ కోటులో ముందు నడుస్తున్నది చెల్లెలో అమ్మో ఒక్క క్షణం తెలియలేదు. “ఆగవే” అంది. వెనక్కి తిరిగిన మొహం చెల్లెలిదే. అయినా భయం తగ్గలేదు. చెప్పేద్దామనుకుంది, మాట నోటిదాకా వచ్చింది.

“ఏంటక్కా?”

“ఏం లేదు. నెమ్మదిగా నడువు.”

లాడ్జి పెరట్లో తీగలన్నీ ఖాళీగా ఉన్నాయి. పాతికేళ్ల కిందట వాటినిండా తెల్ల దుప్పట్లుండేవి. అక్క గేటు దగ్గరే అది గమనించింది.

యజమానురాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. బస్టాండు నుంచి కబురు వీళ్లకంటే ముందే చేరినట్టుంది. పిచ్చుక కవరు చాపితే ఆమె అందుకోలేదు.

“అది అక్కర్లేదమ్మా. మేడమీద ఆవిడ గదిలో మీ ఇద్దరి మంచాలూ వేసే ఉన్నాయి. ఎవరూ పడుకోకపోయినా వారంవారం దుప్పట్లు మార్చేది.”

“ఎవరు?”

“మీ అమ్మ. అచ్చు ఆవిడ పోలికే నీది. పోయి ఇరవై రోజులైంది తల్లీ. కబురు చేద్దామంటే అడ్రసు లేదు. అడిగితే ఒకటే మాట, అక్కర్లేదు వాళ్లే వస్తారనేది. పెద్దదానికి దారి తెలుసు, చిన్నదాన్ని తీసుకొస్తానని మాటిచ్చి వెళ్లింది, అనేది.”

పిచ్చుక నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అక్కవైపు తిరిగింది.

“అక్కా, ఇది కూడా ప్యాకేజీలోదేనా?”

ఔనంటే చాలు. చెల్లెలు నమ్మడానికి సిద్ధంగా ఉంది, అలా అనమని కళ్లతో బతిమాలుతోంది కూడా. ముప్పై మూడేళ్లుగా ఆడుతున్న అబద్ధమే, ఇంకొక్కసారి ఆడితే పోయేదేముంది?

“కాదు” అంది అక్క.

పిచ్చుక అరవలేదు. తల వంచుకుని కోటు గుండీలు ఒక్కటొక్కటే పెట్టుకుంది. మేడమెట్లు ఎటువైపని యజమానురాలిని అడిగింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరగకుండానే అంది.

“మనం పోయిన నెల రావాల్సింది కదక్కా.”