దిగుడొచ్చింది, దిగుండ్రి

వనపర్తి నుంచి పాన్‌గల్ పోయే బస్సు నక్కలదిన్నె మీదికి ఎక్కగానే, డ్రైవర్ హన్మంతు బ్రేకు బిగించి, మెడ వెనక్కి తిప్పి, "దిగుడొచ్చింది, దిగుండ్రి" అని కేకేసేవాడు. జనం గొణుక్కుంటూ, తిట్టుకుంటూ దిగేవారు. వాళ్ళు ఆ రెండు ఫర్లాంగుల దిగుడూ కాలినడకన పోతుంటే, హన్మంతు ఖాళీ బస్సును చిన్న గేరులో, ముసలమ్మను చెయ్యి పట్టుకొని మెట్లు దింపినట్టు దింపేవాడు. కింద వాగు దగ్గర అందరినీ మళ్ళీ ఎక్కించుకునేవాడు. టికెట్టు కొని నడవడమేమిటని ఎవరైనా గద్దిస్తే, "నడిస్తె కాళ్ళు నొస్తయి, గంతే గద" అనేవాడు.

అతనేమీ పుట్టుకతో డ్రైవరు కాదు. మెట్ట పొలాల రైతుబిడ్డ, ఎడ్లబండి తోలినవాడు. అక్కడి బండివాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. దిగుడులో బండి మీద ఎవరూ కూర్చోరు. జోరు తగ్గడానికి వెనకాల ఒక మొద్దు కట్టి ఈడ్పిస్తూ, కాడి పట్టుకొని ఎడ్లతో పాటు నడుస్తారు. హన్మంతు అన్న తిరుపతయ్య ఒకే ఒక్కసారి ఒళ్ళు బద్ధకించి బస్తాల మీదే కూర్చుండిపోయాడు. ఇప్పుడతను గడప దాటాలంటే చంకలో కర్ర ఉండాలి. ఆ కర్ర టకటక రోజూ ఇంట్లో వినేవాడికి వేరే బుద్ధులు చెప్పనక్కర్లేదు. చేతికి స్టీరింగు వచ్చినా హన్మంతు తలకాయ మాత్రం బండివాడిదే. ఊళ్ళో పిల్లా పెద్దా "ఎడ్ల డ్రైవరు" అని వెక్కిరించేవారు. వెక్కిరించిన కొద్దీ అతనికి మొండితనం ఎక్కువయ్యేది.

లడాయి రోజులవి, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పెట్రోలు దొరక్క బస్సు వెనక ఇనుప పీపా బిగించి, అందులో బొగ్గు కాల్చి, ఆ పొగతో ఇంజిను నడిపిస్తున్నారు. బొగ్గుకూ కరువే. బస్సు యజమాని దేవరాజు సావుకారికి ఎవరో ఒక కిటుకు చెప్పారు. దిగుడులో గేరు తీసి, ఇంజిన్ బంద్ చేసి వదిలేస్తే బస్సు దానంతటదే జారుతుందట, బొగ్గు మిగులుతుందట. మిగతా బస్సులవాళ్ళందరూ అదే చేస్తున్నారు. హన్మంతు మాత్రం వినలేదు. చివరికి ఒక పొద్దున సావుకారే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

బస్సు నిండా జనం. తిమ్మమ్మ అనే ముసలామె, నిండు చూలాలైన కోడలిని పుట్టింటికి తీసుకుపోతోంది. గద్వాల నుంచి వచ్చిన సాలె మార్కండేయ, పట్టంచు చీరల మూట ఒళ్ళో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చున్నాడు.

నక్కలదిన్నె వచ్చింది. హన్మంతు అలవాటుగా బ్రేకు బిగించి, మెడ తిప్పి కేకేయబోయాడు.

"ఎవ్వరు దిగొద్దు" అన్నాడు సావుకారి. "ఇంజిన్ బంద్ జెయ్. జారనియ్."

"నేను జారనియ్య, సావుకారి. గేరుల ఉంటె ఇంజినే బండిని పట్టుకుంటది. అది బంద్ జేస్తె బ్రేకొక్కటే దిక్కు. ఇంత బరువుకు అది కాగి పట్టు తప్పుతది."

"అందరు దింపుతుండ్రు. నీకొక్కనికే తెలుసా?"

"అందరి సంగతి నాకు తెల్వదు. నేను దింప."

"దింపకుంటె బస్సు దిగు. నువ్వు లేకుంటె పొద్దు పొడువదా?"

హన్మంతు స్టీరింగు వైపు చూశాడు. ఆ స్టీరింగంటే అతనికి ప్రాణం. దానికోసం మూడేళ్ళు క్లీనరుగా పీపా బూడిద ఎత్తాడు. అయినా ఆలోచించలేదు. సీటు కింది నుంచి ఇంజిను తిప్పే ఇనుప హ్యాండిలు తీసి చంకన పెట్టుకున్నాడు. సీటు విడిస్తే హ్యాండిలు చేతిలో ఉండాలి, అదీ అతని అలవాట్లలో ఒకటి. దిగి, బస్సు తలుపు ముందు నిలబడ్డాడు.

"బస్సు నీది సావుకారి. మంది నీది గాదు" అన్నాడు. తర్వాత గొంతెత్తి, "దిగుడొచ్చింది, దిగుండ్రి!" అని అరిచాడు.

ఎవరూ కదలలేదు. మార్కండేయ నవ్వాడు. తిమ్మమ్మకు ఒళ్ళు మండింది.

"నెలలు నిండిన పిల్లను నడిపిస్తవా? నీకు బుద్ధి ఉన్నదా కొడుకా?"

"ఉన్నది గాబట్టే అడుగుతున్న, అవ్వా. నడిస్తె కాళ్ళు నొస్తయి. నా ఎంబడి మెల్లగ రానీ. అలిసిపోతె నడుమ కూసోపెడుదం."

ముసలామె అతని మొహంలోకి చూసింది. పని పోయిన మనిషి ఎండలో నిలబడి ఇంకా తన కోడలి గురించే మాట్లాడుతున్నాడు. ఏమనుకుందో ఏమో, కోడలి చెయ్యి పట్టుకొని దిగింది. చూలాలే దిగాక మగవాళ్ళకు కూర్చోవడానికి మొహం చెల్లలేదు. ఒక్కొక్కరే దిగారు. మార్కండేయ ఒక్కడే, జరీకి దుమ్ము పడుతుందని కదలలేదు.

సొంత కారు తోలిన సావుకారికి రోషం వచ్చింది. తనే స్టీరింగు ముందుకు జరిగి, ఇంజిన్ ఆపి, బ్రేకు వదిలాడు. బస్సు చప్పుడు లేకుండా జారింది. మొదట మెల్లగా, తర్వాత జోరుగా. సగం దిగుడు దాటేసరికి జోరు ఇంకా ఎక్కువైంది. హన్మంతు కాళ్ళు వాటంతటవే పరుగెత్తబోయాయి. పరుగెత్తి ఏం చేస్తాడు? ఆగిపోయాడు. తాను గెలవాలని అతనికి ఆ క్షణాన లేదు. బస్సు క్షేమంగా దిగితే చాలనుకున్నాడు.

దిగింది. వంపు తిరిగి, వాగులోకి దూసుకుపోయి, ఇసుకలో కూరుకొని ఆగింది. అందరూ చేరేసరికి సావుకారి నుదురు తుడుచుకుంటూ, "ఏం రా, దిగినమా లేదా?" అన్నాడు.

మార్కండేయ మూటను కౌగిలించుకొని కింద పడినట్టే దిగాడు. "దిగినమా? ఆ వంపు కాడ నువ్వు బ్రేకు మీద నిలబడి తొక్కితివి. బస్సు ఆగలె. ఇసుక ఆపింది!"

హన్మంతు వాగులో దోసెడు నీళ్ళు పట్టి వెనక చక్రం మధ్యలో చల్లాడు. చుయ్యిమని ఆవిరి లేచింది. తిమ్మమ్మ ఆ ఆవిరిని చూసింది, కోడలి కడుపు చూసింది, వచ్చిన దిగుడు వైపు తిరిగి చూసింది. అందరూ బస్సులోనే ఉండి ఉంటే ఏమయ్యేదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బస్సు కదలాలంటే హ్యాండిలు కావాలి. సావుకారి చెయ్యి చాచాడు. హన్మంతు ఇవ్వలేదు.

"చక్రాలు చల్లారాలె. అందాంక ఎవ్వరు ముట్టొద్దు. పాన్‌గల్ దాంక నేనే తోలుత. రేపటి సంగతి నీ ఇష్టం."

సావుకారి అంతటివాడు ఇసుకలో కూర్చొని ఎదురుచూశాడు. చక్రాలు చల్లారాక జనమంతా తోస్తే బస్సు ఇసుకలోంచి బయటపడింది. పాన్‌గల్‌లో జనం దిగిపోయాక గొంతు తగ్గించాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవు. 'తప్పయింది, రేపటి సంది నువ్వు చెప్పినట్టే దింపుత' అను. నౌకరి నీదే."

ఒక్క మాట అంటే చాలు. హన్మంతు స్టీరింగును ఒకసారి అరచేత్తో తుడిచాడు.

"దింప" అన్నాడు. హ్యాండిలు సీటు మీద పెట్టి నడిచి వెళ్ళిపోయాడు.

మూడు నెలల తర్వాత అదే నక్కలదిన్నె దిగుడులో, వేరుశనగ బస్తాల బండికి మొద్దు కట్టి, కాడి పట్టుకొని నడుస్తున్నాడు. వెనక బస్సు హారను వినిపించింది. తోవ ఇవ్వడానికి ఎడ్లను పక్కకు తీసి ఆపాడు.

బండి తొలిగేదాకా బస్సు దిన్నె మీద ఆగింది. లోపలి నుంచి తిమ్మమ్మ గొంతు ఖంగుమంది.

"ఏయ్, ఆపినవు గద, అట్లనే ఉండు. దిగుడొచ్చింది, దిగుండ్రి!"

"ఎవరు దిగమన్నరు?" కొత్త డ్రైవరు అరిచాడు. "ఎక్కుండ్రి! సావుకారి నన్ను తిడుతడు!"

అతని అరుపు ఎవరూ పట్టించుకోలేదు. మార్కండేయ మూట నెత్తిన పెట్టుకొని అందరికంటే ముందు దిగాడు. "గేరుల దింపుకో. ఇంజిన్ బంద్ జేసినవంటె కింద ఒక్కడు ఎక్కడు" అన్నాడు. మళ్ళీ పుట్టింటికి పోతున్న తిమ్మమ్మ కోడలు పసిబిడ్డను కొంగులో చుట్టుకొని, అత్త చెయ్యి పట్టుకొని దిగింది.

ఖాళీ బస్సు చిన్న గేరులో మూలుగుతూ బండి పక్కనుంచి పోయింది. దాని వెనక జనం నడుస్తూ వచ్చారు. తిమ్మమ్మ బండి దగ్గర ఆగి, బిడ్డ మొహం మీది కొంగు తీసి హన్మంతుకు చూపించింది. అతను కాడి మీద చెయ్యి వేసి, వాళ్ళతో పాటు కిందిదాకా నడిచాడు.