ఆగగలిగినవాళ్ళ మార్కెట్

పరపతి సంఘంలో క్యాషియరుగా చేసే ఆమెను అందరూ చిల్లరక్క అంటారు. ఎంత నలిగిన నోటిచ్చినా విసుక్కోకుండా చిల్లర ఇస్తుందని ఆ పేరు. ఆమె అన్న లారీ మెకానిక్కు. నడుం పట్టేసి, ఇక బండి కిందికి దూరలేననుకున్నాక షెడ్డు అమ్మేశాడు. ఆ డబ్బు సంఘంలో వేయమని చెల్లెలు చెవినిల్లు కట్టుకుని పోరింది.

"మీరిచ్చే వడ్డీ నా తలనొప్పి మాత్రలకి కూడా చాలదే!" అని నవ్వి, మొత్తం తీసుకెళ్ళి షేర్లలో పెట్టాడు.

ఏడాది తిరక్కుండానే వదినకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పదన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే మార్కెట్ కూలింది.

అన్న కౌంటరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "సగం పోయిందే. మిగిలింది అమ్మేయనా?"

"వద్దన్నయ్యా. ధరలు పడ్డాయే గానీ కంపెనీలెక్కడికీ పోలేదు. ఇలా పడటం ఇదే మొదటిసారి కాదు. రెండేళ్ళు ఓపిక పడితే మళ్ళీ లేస్తుంది."

"లేస్తుందిలే. మీ వదిన ఆగాలిగా?"

ఆమె కౌంటరు వదిలి లేచింది. నేరుగా కార్యదర్శి గదిలోకి వెళ్ళి, అన్నకు అప్పిప్పించమని అడిగింది. అమ్మకుండా గట్టెక్కుతాడని ఆమె ఆశ.

కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "షెడ్డుంటే దాన్ని చూసి ఇచ్చేవాణ్ణమ్మా. ఇప్పుడు దేన్ని చూసివ్వను?"

"నా జీతం చూసివ్వండి."

"నీ ఇంటి అప్పే ఇంకా తీరలేదు. పైగా బయట ఒకసారి చూడు."

బయట వరస గుమ్మం దాటి వీధిలోకి పాకింది. సంఘం డబ్బు పైసా కూడా షేర్లలో పెట్టలేదని సిబ్బంది గొంతు చించుకున్నా ఎవరూ వినడం లేదు. భయం అంటుకున్నాక నిజం చెవికెక్కదు. అందరూ డిపాజిట్లు వెనక్కిమ్మంటున్నారు. ఆమె వెళ్ళి కూర్చుని, సాయంత్రందాకా నోట్లు లెక్కపెట్టి ఇస్తూనే ఉంది.

ఆ వారమే అన్న అయినకాడికి అమ్మేశాడు. ఆ డబ్బు వానాకాలం వరకు వచ్చింది. తర్వాత వారానికి రెండుసార్లన్నది ఒకసారైంది. వదిన కాళ్ళు వాచాయి. "నాకు బాగానే ఉంది, వదిలెయ్యండి," అనేది, ఆయాసపడుతూ. చలి మొదలయ్యేసరికి పోయింది.

మరుసటేడు మార్కెట్ లేచింది, పడకముందు ఉన్నచోటుకంటే పైకే. అప్పుడొచ్చాడు అన్న, సంఘంలో ఇద్దరి పేరా ఉన్న పాత పొదుపు ఖాతాలోంచి భార్య పేరు తీయించడానికి. చెల్లెలు చూపినచోటల్లా సంతకం చేశాడు.

"లేచిందటగా?" అన్నాడు.

"ఊఁ."

"నావి ఉంచుకునుంటే ఎంతయ్యేది?"

ఆమెకు తెలుసు. ఎన్నోసార్లు లెక్కేసుకుంది. "చూడలేదన్నయ్యా," అంది.

"పోనీలే," అని అతను నడుం పట్టుకుని మెల్లగా మెట్లు దిగాడు. వెనకున్న మనిషి డిపాజిట్ కాగితం కౌంటరు మీదికి తోశాడు.