ఉప్పు పట్టిన బోల్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కొత్తవాడలో నా మెకానిక్ షెడ్డుకు వచ్చే వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. "దేవదాసు పని మంచిగ చేస్తడు గనీ వాని నోటికి దండం బెట్టాలె" అని ఒకరికొకరు చెప్పుకొని మరీ వస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, నా విషయంలో నోరు ఎట్లా ఉన్నా ఊరు మంచిదైపోయింది. అందుకే ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుస్తోంది. ఇవాళ మాత్రం ఈ నోటితోనే ఒక మంచిమాట చెప్పాలని కూర్చున్నాను.

మొన్న వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే సుహాసిని తన బండి తోసుకొచ్చింది. ఆమె మా వాడకట్టులోనే జంపఖానాలు నేసే ఇంటి కోడలు. భర్త రాజమౌళికి మోకాళ్లు అరిగిపోయి బండి నడపలేకపోతే, ముప్పై అయిదేళ్ల వయసులో పడుతూ లేస్తూ తనే నేర్చుకుంది. రంగుల షెడ్డు నుంచి నూలు తేవడం, నేసిన జంపఖానాలు సొసైటీకి చేర్చడం, అన్నీ ఆ పాత బండి మీదే. వెనక షాకప్‌లు రెండూ నూనె కక్కేశాయి. గుంతలో పడితే నడుములోకి కొడుతోందట.

"అన్నా, ఎంతసేపయితది?" అని అడిగింది.

"రెండు ఊడదీసుడు, రెండు పెట్టుడు. గంటల ఇస్త," అన్నాను. నా నోరు పెద్దదని ముందే చెప్పాను కదా.

కుడివైపు షాకప్ పది నిమిషాల్లో చేతికొచ్చింది. ఎడమవైపు పై బోల్టు కూడా వచ్చింది. కిందిది మాత్రం రాలేదు. నట్టు ఊడింది గానీ, షాకప్ కన్నంలో నుంచి వెళ్లిన బోల్టు లోపలే బిగుసుకుపోయింది. నూనె కొట్టాను, డీజిల్ పోశాను. పానాకు పైపు తొడిగి, దాని మీద నా డెబ్బై అయిదు కిలోలూ వేశాను. పానా జారింది, బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది, నా మోచెయ్యి గీసుకుపోయింది. ఇక సుత్తి అందుకున్నాను. నాలుగు దెబ్బలకు బోల్టు కొస చితికి పుట్టగొడుగులా విచ్చుకుంది గానీ వెంట్రుకవాసి కదల్లేదు. కోపంలో కొట్టిన దెబ్బ ఎప్పుడూ పని చెడగొట్టడానికే పనికొస్తుంది. ఆ సంగతి నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లకు నేనే వందసార్లు చెప్పి ఉంటాను.

"గ్యాస్ కటింగ్ పెట్టాలె," అన్నాను.

సుహాసిని ముఖం మారిపోయింది. "పెడితే చిమ్టాకు ఏం గాదా?"

వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప చేతుల్ని మేము చిమ్టా అంటాం. ఆ బోల్టు దానికే ఉంటుంది. ఈ చిమ్టా అక్కడ అప్పటికే తుప్పు తిని అప్పడంలా పలచబడింది. మంట తగిలితే ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేరు. ఊడితే ఆ బండికి ఇంకో చిమ్టా లేదు. కాజీపేట దాకా ఫోన్లు చేసి అడిగాను. ఆ మోడల్ రావడం మానేసి ఏళ్లయింది, పాత సామాన్ల దుకాణాల్లో కూడా లేదన్నారు. ఈ ముక్కలన్నీ దాచకుండా చెప్పాను.

ఆమె సీటు మీద చెయ్యి వేసింది. "ఈ బండి లేనప్పుడు నూలు తేవాల్నంటే మా మరిదిని బతిమాలాలె అన్నా. ఆయన పొద్దున వస్తనంటే మాపటికి వచ్చేది. మగ్గం ఖాళీగ ఉండేది, నేను గుమ్మంల నిలబడేదాన్ని. మల్ల ఆ నిలబడుడు నాతోని గాదు. జర సూసి చెయ్యి."

చూసి చేయడానికి నాకు ఇంకేం దారి మిగల్లేదు. అదే నా చిరాకు. సరిగ్గా అప్పుడే మా అమ్మ భాగ్యమ్మ టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చింది.

అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ముప్పై ఏళ్లు రంగుల షెడ్డులో నూలుకు రంగులద్దింది, గంజి పెట్టింది. నాకు పదిహేడేళ్లప్పుడు, ఆ గంజి వాసన నా వల్ల కాదని మగ్గం వదిలి పానా పట్టాను. ఆ తర్వాత ఆమె పని గురించి నేను ఒక్క మాట అడగలేదు. నా పని గురించి ఆమె అడిగితే, నీకర్థం కాదులే అన్నాను. రోజూ డబ్బా తెస్తుంది, నేను తీసుకుంటాను, ఆమె వెళ్లిపోతుంది. మా ఇద్దరి మాటలూ ఆ డబ్బా మూతంత ఉంటాయి.

ఆ రోజు వెళ్లలేదు. వంగి బోల్టు వైపు చూసింది. సందులో తెల్లగా పొక్కులు కట్టిన పొడిని గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది.

"అమ్మా! అదేమన్న పటికబెల్లమా? జంగు అది, తుప్పు!" అని అరిచాను.

"జంగు గాదు కొడకా. ఉప్పు," అంది. సుహాసిని వైపు తిరిగి, "బిడ్డా, రంగేసిన నూలు పచ్చిగున్నప్పుడే తెస్తవా ఏంది?" అని అడిగింది.

"అవు పెద్దమ్మా. ఆరేదాక ఆగితే నాకు పొద్దుపోతది. ఎడమపక్క సంచిల ఏసుకొస్త."

"గదే మరి. రంగుల ఉప్పేస్తరు గద. ఆ నీళ్లు కారి కారి, ఉప్పూ గంజీ దీంట్లనే గడ్డగట్టినయి. దీనికి నూనె పోస్తే పైనుంచే జారిపోతది. ఉడుకునీళ్లు పొయ్యాలె."

ఇంత చక్కగా చెప్పింది. నేనేమన్నానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "నువ్వు ఇంట్ల కూసోక గీడికొచ్చి నాకు మెకానిక్ పని చెప్తానవా? ఇరవై రెండేండ్ల సంది నేను గాడిదలు కాస్తాన్నా? డబ్బా పెట్టి పో!" అన్నాను. సుహాసిని ముందే అన్నాను. పక్క చాయ్ హోటల్ వాళ్లకు కూడా వినపడి ఉంటుంది.

అమ్మ డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లింది. వెళ్లింది ఇంటికి కాదు, ఆ చాయ్ హోటల్‌కే. అయిదు నిమిషాల్లో పొగలు కక్కే నీళ్ల కెటిల్ కొంగుతో పట్టుకొని వచ్చింది. నా మొహం చూడలేదు. బండి పక్కన కూర్చొని, బోల్టు మీద సన్నటి ధారగా పోయడం మొదలుపెట్టింది. దబ్బున పోయలేదు. ధార తెగకుండా, ఒకే చోట.

ముందు తెల్లటి నీళ్లు కారాయి. ఆ తర్వాత తుప్పు రంగు. రెండో కెటిల్ సగమయ్యేసరికి ఆ సందులోంచి లేత నీలం రంగు దిగడం మొదలైంది. ఎప్పుడో నేసి అమ్మేసిన ఏ జంపఖానాదో ఆ నీలం! నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను. పొద్దుటి నుంచి నేను పోసిన నూనె ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదని అప్పుడర్థమైంది.

నేను పానా అందుకోబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. గంజిల ఎండిన నూలును నానకముందే గుంజితే తెగుతది. ఇప్పుడు నీ నూనె పొయ్యి, పోసి ఊకో."

తడి తుడిచి నూనె పోశాను. ఊరుకోవడం నాకు చేతకాని పని. అయినా ఊరుకున్నాను. షెడ్డు ముందు బల్ల మీద అమ్మ పక్కన అరగంట కూర్చున్నాను.

ఊరికే కూర్చోలేక, "నూలుకు ఉప్పెందుకమ్మా?" అని అడిగాను. రంగు నూలును పట్టుకోవాలంటే ఉప్పుండాలంది. ఎంత వేయాలో కొలతలేం లేవట, చేతి లెక్కేనట. ఒకసారి ఎర్ర రంగులో ఉప్పు తక్కువై, జంపఖానా మీద చాయ్ ఒలికితే రంగంతా కారి, కొన్నాయన గుమ్మం ముందుకొచ్చి గొడవ చేశాడట. నాన్న ఆయనతో పోట్లాడి, ఆయన పోయాక అమ్మను చూసి పడీ పడీ నవ్వాడట. ఆ కథ నాకు తెలియనే తెలియదు. నేనూ నవ్వాను. సుహాసిని కూడా నవ్వింది. ఆ నవ్వుల్లో మధ్యమధ్య లేచి రెండుసార్లు నూనె పోశాను.

ఆ తర్వాత అరిగిన బోల్టు తలకు, గుండ్రటిదాన్నైనా పట్టే పైపు పానా తగిలించి, ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు చిన్నగా తిప్పాను. మా ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం అది. కోపంలో అదీ మరిచాను. "కిర్ర్" మంది. ఇటు కొంచెం, అటు కొంచెం. మళ్లీ నూనె. చితికిన కొసను ఆకురాయితో రాసి సన్నం చేశాను. ఇరవై నిమిషాలు అట్లా బుజ్జగిస్తే, ఎర్రటి బురద పూసుకొని బోల్టు నా అరచేతిలోకి వచ్చింది. చిమ్టా చెక్కుచెదరలేదు.

సుహాసిని కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెద్దమ్మా, నీ పున్నెమాని నా బండి నాకు దక్కింది," అని అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

అమ్మ వెంటనే, "నేనేం జేసిన బిడ్డా? ఇన్ని నీళ్లు పోసిన అంతే. పనితనమంత మా దేవదాసుది. వాని చేతులు గాబట్టి బోల్టు ఊడింది," అంది. చాయ్ హోటల్ వాళ్లకు వినపడేంత గట్టిగా అంది.

గంట కిందట వాళ్లందరి ముందే నేను ఆమె పరువు తీశాను. ఆమె మళ్లీ వాళ్ల ముందే నా పరువు నిలబెడుతోంది. నేనూ అంతే గట్టిగా చెప్పాను: "లేదు చెల్లె. నేనైతే మంట పెట్టి నీ బండి తుక్కు జేస్తుంటి. ఆ బోల్టు ఇప్పింది మా అమ్మ. నాకు తెలువదు, ఆమెకు తెలుసు."

ఇరవై రెండేళ్లలో ఆ షెడ్డులో 'నాకు తెలువదు' అన్న మాట నా నోట రావడం అదే మొదలు.

కొత్త షాకప్‌లు బిగించాను. తడి నూలు కింద ప్లాస్టిక్ కవరు వేయమని సుహాసినికి చెప్పాను. ఆమె ఎక్కి, రోడ్డు మీది గుంతలన్నీ వెతుక్కొని వాటిలోంచే నడుపుకుంటూ, నవ్వుకుంటూ వెళ్లింది.

అమ్మ కెటిల్ తిరిగిచ్చి వచ్చి, వెళ్తానన్నట్టు నిలబడింది.

"కోపంల ఏదో అన్ననే అమ్మా," అన్నాను. అంతకన్నా మంచిమాట నోటికి రాలేదు.

"నీ కోపం నాకు కొత్తనా?" అని కొంగుతో నా మోచేతి మీది నెత్తురు తుడిచింది. "గిసొంటి బండి మల్ల వస్తే నాకు చెప్పు కొడకా. నీళ్లు కాగబెట్టి నేను తెస్త. గింతసేపు నువ్వు నాతోని కూసోని మాట్లాడక ఎన్నేండ్లాయెనో!"

ఆమె దాన్ని నిష్ఠూరంగా అనలేదు. సంతోషంగా అంది. అందుకే నాకు అంత గట్టిగా తగిలింది.

"బండి రాకున్నా రా అమ్మా," అన్నాను. బల్ల మీది పానాలన్నీ పక్కకు జరిపి, ఆమె కూర్చోవడానికి చోటు చేశాను.