దారం కట్టిన సీసా

పొద్దున్నే అత్తగారికి నీళ్ళు కొలిచి పెట్టడం కోడలి మొదటి పని. లీటరు సీసాకి మూడు చోట్ల ఎర్రదారం కట్టి ఉంటుంది. పైదారం దాకా పొద్దుటి మందులకి, మధ్యదారం దాకా మధ్యాహ్నం భోజనానికి, కిందిదారం దాకా సాయంత్రం టీకి. అడుగున మిగిలింది రాత్రికి. కిడ్నీలు దాదాపు చేతులెత్తేశాక రోజుకింతే అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"దాహం కూడా నీ కొలతల ప్రకారమే వెయ్యాలా, కత్తెరపిల్లా?" అంటుంది అత్తగారు.

కత్తెరపిల్లకి యాభై ఒకటి. ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరు. కాజాలు కుట్టడంతో మొదలుపెడితే, కత్తెర చేతికి రావడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. ఆ రోజు మొగుడు "అయితే ఇంక ఇంటికి ఆలస్యంగా వస్తావన్నమాట" అన్నాడు. అత్తగారు మాత్రం "ఏదీ, చెయ్యి చూపించు" అని, కత్తెర ఒరుసుకుని కందిన బొటనవేలిని నిమిరి, ఈ పేరు పెట్టింది.

పోయిన వారం అత్తగారిని రక్తపరీక్షకి పంపి, డాక్టరమ్మ కొడుకుతోనూ కోడలితోనూ దాపరికం లేకుండా మాట్లాడింది. "బయట కూర్చున్న కుర్రాడికి ముప్ఫై. అతనికి ఇవాళే డయాలసిస్ మొదలుపెడతాను. కిడ్నీ దొరికితే మార్పిస్తాం, ముందు బోలెడు జీవితం ఉంది. యాభైల్లో ఉన్నవాళ్ళకైనా వెనకాడను. ఈవిడకి ఎనభై రెండు, గుండె చూస్తే అంతంతమాత్రం. మిషన్ ఎక్కిస్తే కొన్ని నెలలు కలిసి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా చాలా రోజులు ఇక్కడి మంచాల మీదే గడిచిపోతాయి. మిషన్ లేకుండా, మందులతో బాధ తెలియకుండా చూసుకునే దారీ ఉంది. వారంలో చెప్పండి."

"ఎక్కడా తగ్గొద్దు తమ్ముడూ" అన్నాడు బావగారు ఫోన్లో. మొగుడు అన్నం కలుపుకుంటూ తేల్చేశాడు. "వారానికి మూడు రోజులు నువ్వు తీసుకెళ్ళు. నీది కుట్టుపనేగా, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు." మంచివాడే. తల్లి కాళ్ళ వాపు చూసి వెక్కి వెక్కి ఏడ్చినవాడే. కాకపోతే ఏడుపు అతనిదీ, ప్రయాణాలు ఈమెవీ.

మిషన్ వద్దని చెప్పాలని ఆమెకు నోటిదాకా వస్తోంది. వచ్చి ఆగిపోతోంది. ఈ వయసులో అత్తయ్యని సూదులపాలు చెయ్యడమెందుకనా, పందొమ్మిదేళ్ళకి దొరికిన కత్తెర జారిపోతుందనా? రెండూ ఒకేవైపు లాగుతుంటే ఏది ప్రేమో ఏది స్వార్థమో ఎలా తెలుస్తుంది? ఉద్యోగం కోసం అత్తని వదిలేసిందని రేపు నలుగురూ అనరూ? నలుగురి సంగతి సరే, తను అనుకోదూ? ఈ కొట్లాటలోనే, గడువు రేపనగా, ఎవరిదో పెళ్ళి జాకెట్టుకి రెండూ ఎడమచేతులే కత్తిరించింది. కొత్తగా చేరినవాళ్ళు కూడా చెయ్యని తప్పు. దుకాణంలో అందరూ నవ్వారు. ఆమెకు ఏడుపొచ్చింది.

సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరి సీసా చూస్తే నీళ్ళు పైదారం దగ్గరే ఉన్నాయి.

"అత్తయ్యా, మధ్యాహ్నం నీళ్ళే తాగలేదేం? ఒంట్లో బాగాలేదా?"

"దాచుకున్నా. నువ్వొచ్చాక మందు తాగినట్టు రెండు గుక్కల టీ ఏం బాగుంటుంది? ఇవాళ నాకూ నిండు కప్పు పెట్టు. ఇద్దరం తీరుబడిగా తాగుదాం."

ఎండిపోయిన ఆ పెదవులు చూసి కోడలు ఇంక ఆగలేకపోయింది. టీ పెట్టి తెచ్చి, పక్కన కూర్చుని, డాక్టరమ్మ అన్నదంతా చెప్పేసింది. "మీరు వద్దంటే నా ఉద్యోగం నిలుస్తుంది అత్తయ్యా. అందుకే మిమ్మల్ని అడగాలన్నా భయమేసింది."

అత్తగారు టీ ఊదుకుంది. "పెళ్ళైన దగ్గర్నుంచీ అందరూ వాళ్ళ వీలుని బట్టే నన్ను నడిపించారు. అది వాళ్ళ వీలని ఒప్పుకున్నదానివి మాత్రం నువ్వొక్కదానివే." ఒక గుక్క తాగింది. "ఈ జబ్బు నీకే వస్తే ఏం చేస్తావ్?"

"పరిగెత్తుకెళ్ళి మిషన్ ఎక్కుతాను."

"ఎక్కాలి మరి! లేకపోతే చెవి మెలేసి ఎక్కిస్తా. నా సంగతి నన్ను ఆలోచించుకోనీ."

మర్నాడు డాక్టరమ్మ గదిలో మొగుడే మొదలుపెట్టాడు. "డయాలసిస్ చేయించడానికే అనుకున్నామండీ. మా ఆవిడ ఉద్యోగం మానేస్తుంది."

డాక్టరమ్మ కోడలి వంక చూసింది. ఇన్నేళ్ళూ ప్రతి ఆస్పత్రిలో తన ఒళ్ళోనే మోసిన ఫైలుని కోడలు తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"ఆవిణ్ణి అడగండి."

"అమ్మకేం తెలుస్తుంది?" అన్నాడతను.

"ఒరేయ్, జబ్బు నాదిరా!" అంది తల్లి. అని, వాడి మొహం చిన్నబోవడం చూసి చెయ్యి పట్టుకుంది. "నా మీద అంత బెంగగా ఉంటే రేపట్నుంచి నీళ్ళు నువ్వు కొలువు. దారాలు కట్టే ఉన్నాయి."

తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మిషన్ వద్దమ్మా. నొప్పి, ఆయాసం లేకుండా చూడండి, చాలు. సాయంత్రం అయిదింటికి నా కోడలు పనిలోంచి వస్తుంది. ఆ వేళకి నేను ఇంట్లో ఉండాలి."